మునగచెట్టు ఎక్కిన మునగాకు

పెరట్లో ఉన్నంతకాలం మునగాకుకు మర్యాద లేదు. గూడూరులోనో కందుకూరులోనో ప్రహరీగోడ మీదికి వంగిన కొమ్మను ఆషాఢంలో ఒకసారి విరిచి పప్పులో వేసుకుని, మిగిలిన పదకొండు నెలలూ మేకలకు వదిలేసే జనం మధ్య అది ఎన్ని తరాలు బతికినా సూపర్‌ఫుడ్ కాలేకపోయింది. ఆ హోదా రావాలంటే ఆకు పచ్చిగా ఉండకూడదు. అడిగితే పక్కింటావిడ ఊరికే ఇచ్చేది కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బా మూతకు సీలు ఉండాలి.

నెల్లూరు ట్రంకురోడ్డు అంగళ్లలో ఇప్పుడు ఈ అర్హతలన్నీ సాధించిన మునగాకు దొరుకుతోంది. కొనడం సులువే. కొన్నాక ఎలా నమ్మాలో మాత్రం చాలామందికి తెలియడం లేదు. ప్రజాహితం కోరి ఆ పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాం.

ముందుగా డబ్బా ముందువైపు చదవాలి. పాలకంటే 17 రెట్లు కాల్షియం, పాలకూరకంటే 25 రెట్లు ఇనుము, పెరుగుకంటే 9 రెట్లు ప్రోటీన్ అని ఉంటుంది. ఇందులో పెద్ద అబద్ధమేమీ లేదు. అబద్ధమాడే శ్రమ లేకుండానే కొనేవాణ్ణి మునగచెట్టు ఎక్కించగలగడం ఈ వ్యాపారంలోని గొప్పతనం. 100 గ్రాముల ఎండు పొడిని తెచ్చి 100 గ్రాముల పాల పక్కన పెట్టారు. పాలలో 87 శాతం నీళ్లే. ఆకులోని నీళ్లు ముందే ఎండగొట్టేశారు. న్యాయంగా పాలను కూడా ఎండగొట్టి, పాలపొడితో పోల్చి చూడండి. 17 రెట్లు కాస్తా రెండు రెట్ల దగ్గరికి దిగొస్తుంది. రెండు రెట్లు కూడా తక్కువేమీ కాదు గానీ, డబ్బా మీద అంత పెద్ద అక్షరాలకు సరిపోదు.

తర్వాత డబ్బా వెనక్కి తిప్పాలి. ఇది అలవాటు లేనివాళ్లకు కష్టం. అక్కడ 'రోజుకు ఒక చెంచా' అని ఉంటుంది. గోపురంలా తీసినా చెంచాకు 5 గ్రాములు మించదు. 100 గ్రాములకు 2000 మిల్లీగ్రాముల కాల్షియం లెక్కన చెంచాకు 100 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 240 ఉంటుంది. 17 రెట్ల మహాశక్తి నోటిదాకా వచ్చేసరికి అరగ్లాసు పాలకు కూడా తూగలేదు.

ఇనుము సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ప్రచారంలో ఉన్న పట్టిక ప్రకారం 100 గ్రాముల పొడిలో ఇనుము 28 మిల్లీగ్రాములు. చెంచాకు 1.4 అన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి, మగవాళ్లకు 19. ఇనుమంతా ఈ డబ్బాలోంచే రావాలంటే ఇల్లాలు రోజుకు ఇరవై చెంచాలు మింగాలి. నెలకు మూడు కిలోలు. పొడి మింగిన వెంటనే టీ తాగితే టీలోని టానిన్లు ఆ కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వవు. మన జిల్లాల్లో టీ మానేయమని చెప్పే ధైర్యం ఏ కంపెనీకీ లేదు కనుక ఆ ముక్క లేబుల్ మీద ఉండదు.

'నారింజకంటే 7 రెట్లు విటమిన్ సి' అన్న మాట కూడా వాడుకలో ఉంది. అది పచ్చి ఆకు సంగతి. 100 గ్రాముల పచ్చాకులో 200 మిల్లీగ్రాములు దాటే విటమిన్ సి, అదే పట్టికలో ఎండు పొడి దగ్గరికి వచ్చేసరికి 17 అయిపోతుంది. చెంచాలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పొదలకూరు నిమ్మకాయ అరచెక్క పిండితే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. కానీ నిమ్మకాయకు మన దగ్గర ఏం విలువ? లారీల్లో ఢిల్లీ పోతుంది, రేటు పడిపోతే తోటలోనే రాలిపోతుంది.

పోల్చి చూడక తప్పదు కనుక పాత పద్ధతి కూడా చెబుతాం. మనిషికి 50 గ్రాముల లెక్కన పచ్చి మునగాకు దూసి, కందిపప్పుతో ఉడకేసి, దించాక (పొయ్యి మీద ఉండగా కాదు, వేడికి విటమిన్ సి పోతుంది) నిమ్మకాయ పిండితే, ఆకులోంచే 150 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. నిమ్మరసం వల్ల ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. పప్పులోని ప్రోటీన్ అదనం. అయినా దీన్ని సూపర్‌ఫుడ్ అనడానికి వీల్లేదు. ఇందులో ఎండుమిరపకాయల తిరగమోత ఉంది.

ఇంట్లోనే పొడి చేసుకుంటామనే పట్టుదల ఉన్నవాళ్లకు నాలుగు ముక్కలు. ఆకులో ముప్పాతిక వంతు నీళ్లే, కాబట్టి కిలో పొడికి ఈనె తీసిన ఆకు నాలుగు కిలోలు కావాలి. ఒకటిరెండుసార్లు కడిగి, లీటరుకు 10 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లలో జాడించి వార్చాలి. గాలి ఆడే నీడలో, వల మీదో పలుచటి గుడ్డ మీదో ఒక్క వరసగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలి. మూడునాలుగు రోజులకు ఆకు చేత్తో నలిపితే పెళపెళలాడాలి. ఎండలో వేస్తే తొందరగా ఎండుతుంది నిజమే, ఆకులోని కెరోటిన్ కూడా అంత తొందరగానే పోతుంది, పొడి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. చెమ్మ మిగిలితే పదిహేను రోజుల్లో బూజు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో ఒక వాయుగుండం తర్వాత ఇంకొకటి మన తీరం వైపు చూసే రోజుల్లో, ఈ పని పెట్టుకోవద్దు. ఈనెలు తీయకుండా మరపట్టిస్తే గొంతులో గీరుకుంటుంది. చేసిన పొడిని వెలుతురు తగలని డబ్బాలో దాచాలి. అంగట్లో అదే పొడిని పారదర్శకమైన సీసాలో పోసి, ఎండ పడే అద్దాల బీరువాలో ఎందుకు పెడతారంటే, పచ్చగా ఉందని జనం చూడాలి కదా. చూసేలోపు పచ్చదనం పోతే అది వేరే విషయం.

ఆకు తర్వాత నాచు. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో నీలిపచ్చ నాచు తేలితే రైతుకు నిద్ర పట్టదు. నీళ్లు మార్చాలి, మేత తగ్గించాలి, రాత్రంతా ఏరేటర్లు తిప్పాలి. అదే వర్గానికి చెందిన స్పైరులినాను 500 మిల్లీగ్రాముల మాత్ర చేసి అమ్మితే ఆ రైతే పొద్దున్నే రెండు మింగుతున్నాడు. స్పైరులినాలో ప్రోటీన్ 60 శాతం దాకా ఉన్నమాట వాస్తవం. కాబట్టి మాత్రకు 300 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. గుడ్డుకు సమానంగా రావాలంటే ఇరవై మాత్రలు మింగాలి. 'శాకాహారులకు బి12' అని కూడా రాస్తారు. దానిలో ఉండే బి12లో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకలు రూపం. బి12 తగ్గిన శాకాహారికి గ్లాసుడు మజ్జిగ ఇంతకంటే మేలు చేస్తుంది, బాగా తగ్గితే డాక్టరు ఇచ్చే మాత్ర. ఇంకొక చిక్కు ఉంది. స్పైరులినాను క్షారగుణం ఎక్కువున్న నీళ్లలో పెంచేదే వేరే నాచు చేరకుండా. ఆ జాగ్రత్త తప్పితే లివర్‌ను దెబ్బతీసే విషాలు తయారుచేసే నాచులు కలుస్తాయి. మాత్రను చూసి ఎవరూ పట్టలేరు, రెండూ పచ్చగానే ఉంటాయి.

క్యాప్సూల్ దయ మెంతుల మీద కూడా పడింది. మెంతులు చక్కెర వ్యాధికి పనికొస్తాయన్నది వట్టి మాట కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చేసిన పని ఉంది. ఆ పనిలో చెప్పిన మోతాదు రోజుకు 25 గ్రాములు. మెంతుల్లోని జిగురు పీచు కడుపులో ఉబ్బి, చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చేస్తుంది. ఉబ్బాలంటే అంత పరిమాణం ఉండాలి. 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లలో ఆ మోతాదు రావాలంటే యాభై మింగాలి. డబ్బాలో ఉండేదేమో అరవై.

పసుపు కథ దీనికి తలకిందులు. పసుపులో మేలు చేస్తుందని చెప్పే పదార్థం కర్కుమిన్, వంటింటి పసుపులో అది 3 శాతం ఉంటుంది. పాలలో వేసే అర గ్రాము చిటికెడులో 15 మిల్లీగ్రాములు. మిరియాల్లోని పైపరిన్ కలిపితే కర్కుమిన్ రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువ చేరిందని 1998లో ఒక ప్రయోగం చూపింది. కానీ అక్కడ ఇచ్చింది రెండు గ్రాముల కర్కుమిన్, మన పసుపు డబ్బా లెక్కలో సుమారు 67 గ్రాములు. సరే, ఒంటికి చేరడం లేదు కదా అని సారం తీసి, మిరియం కలిపి, గట్టిగా దట్టించి క్యాప్సూళ్లు చేశారు. ఈసారి నిజంగానే చేరింది. 2019లో ఇటలీలో పసుపు సారం మాత్రలు వాడినవాళ్లలో వరసగా కామెర్లు బయటపడ్డాయి. పసుపు తిన్న తరాలన్నీ క్షేమంగా ఉన్నాయి, కామెర్లు వచ్చింది సారం మింగినవాళ్లకు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్లకైతే ఇంకా ప్రమాదం.

తిప్పతీగ విషయానికి వస్తే మన ప్రాంతానికి దానితో ప్రత్యేకమైన అనుబంధం. 2021 మేలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూసినవాళ్లకు మూలిక మీద నమ్మకం ఎంత దూరం నడిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అదే కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాగింది. ఆ ఏడే ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కొందరు రోగుల గురించి రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, తీగను తప్పుగా గుర్తించి ఉండొచ్చంది. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. డబ్బా మీద మాత్రం 'రోగనిరోధక శక్తిని పెంచును' అని ఉంటుంది. కొందరికి ఆ శక్తి ఇప్పటికే ఎక్కువై సొంత లివర్ మీదో, థైరాయిడ్ మీదో, కీళ్ల మీదో తిరగబడి ఉంటుంది. వాళ్లకు దాన్ని ఇంకా పెంచితే అది ఎవరి మీదికి పోతుందో డబ్బా చెప్పదు. అశ్వగంధ కూడా ఇంతే. కొన్ని చిన్న పరీక్షల్లో ఆందోళన, నిద్రలేమి కాస్త తగ్గించినట్టు కనిపించింది. అయితే థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, లివర్‌కు హాని చేసిన సందర్భాలున్నాయి, గర్భిణులకు పనికిరాదు. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది కూడా. మన వాళ్లు థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట ఆగి, దాన్నీ వేసుకుంటున్నారు. ఆ అరగంట ఆగడంలో ఉన్న శ్రద్ధను మెచ్చుకోవాలి.

ఆసుపత్రిలో జరిగే సంభాషణ అందరికీ తెలిసిందే.

"ఏమన్నా మందులు వాడుతున్నావా పెద్దమ్మా?"

"మందుల్లేవు సార్. బీపీ బిళ్ల కూడా మానేశా. ఉత్త ఆకుపసరే."

సహజమైనది హాని చేయదనే సిద్ధాంతానికి సొరకాయ ఒక్కటే సరిగ్గా సహకరించడం లేదు. చేదెక్కిన సొరకాయ రసం తాగితే వాంతులు, రక్తపు విరేచనాలు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం జరిగి, ఐసీఎంఆర్ ఒక నిపుణుల సంఘాన్నే వేయాల్సి వచ్చింది. దానికి విరుగుడు మందు లేదు. రసం తీసే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. కాకరకాయతో కలిపి రసం తీయకండి, కాకర చేదులో సొర చేదు దాక్కుంటుంది. రోజూ పచ్చి పాలకూర రసం తాగి ఒళ్లు శుభ్రం చేసుకునేవాళ్లు అందులోని ఆక్సలేట్‌తో మూత్రపిండాల్లో రాళ్లు పేర్చుకుంటున్నారు. ఉడికించి నీళ్లు వారిస్తే అది చాలావరకు పోతుంది. కానీ ఉడికించిన పాలకూరను గాజు గ్లాసులో స్ట్రా వేసుకుని తాగలేం.

కనిగిరి, పొదిలి మెట్టల్లో వరిగన్నం, కొర్రన్నం తిన్నవాళ్లు, వరి దొరకగానే అవి తిన్న సంగతే బంధువుల ముందు చెప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ల మనవలు ఒంగోలు అంగళ్లలో అవే కిలో ప్యాకెట్లలో కొంటున్నారు. ప్యాకెట్‌లో గింజ తెల్లగా మెరుస్తూ, ఏడాది గడువు రాసి ఉంటే, తవుడంతా పట్టేశారన్నమాట. పీచు అందులోనే పోయింది. పాలిష్ పట్టనివి తొందరగా పురుగు పడతాయి, కాస్త ముక్క వాసన కూడా వస్తుంది. సజ్జపిండి అయితే వారం పదిరోజులకే చేదెక్కుతుంది, కనుక వారానికి సరిపడా మాత్రమే మర పట్టించుకోవాలి.

చివరిగా తయారీదార్లకు రెండు మాటలు. ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు పెద్దగా వేయండి. అది మీ వ్యాపారానికి వచ్చిన లైసెన్సు, పొడి పనిచేస్తుందన్న హామీ కాదు. ఆ తేడా అడిగేవాళ్లు అరుదు. 'ఔషధంగా వాడరాదు' అని నిబంధన ప్రకారం రాయక తప్పదు కాబట్టి బార్‌కోడ్ పక్కన చోటు చూసుకోండి. షుగర్ నయం చేస్తుందని మాత్రం ఎక్కడా అచ్చు వేయకండి. అలాంటి ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది. 'షుగర్ ఉన్నవారి నేస్తం' అనండి చాలు. నయమవుతుందన్న మాట మీ తరపున కావలిలో ఉండే తోడల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. అతనికి ఏ సెక్షన్ కింద నోటీసు పంపాలో ఆ చట్టంలో లేదు.