సెనెకా గారి రెండు రోజుల పేదరికం

మా బాస్ రోజూ ఉదయం ఆరింటికల్లా వాట్సాప్ స్టేటస్ పెడతాడు. ముక్కు విరిగిన పాలరాతి తల, కింద రోమన్ జ్ఞాని సెనెకా గారి సూక్తి. ఈ ఏడాది ఇంక్రిమెంట్లు లేవని మెయిల్ వచ్చిన మర్నాడు పెట్టింది ఇదీ: తక్కువ ఉన్నవాడు పేదవాడు కాదు, ఇంకా కావాలనేవాడే పేదవాడు. మా సెక్షన్లో అందరం పేదవాళ్లమేనని అలా తేలింది.

ఇంతటి మహానుభావుడు ఎంతలో సరిపెట్టుకున్నారో చూద్దామని చదివాను. నీరో చక్రవర్తికి గురువు. సిపాయి ఏడాది జీతం 900 సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఉన్న రోజుల్లో, నాలుగేళ్లలో 30 కోట్లు వెనకేశారని ఓ శత్రువు నిలదీశాడట. ఏనుగుదంతం కాళ్ల బల్లలు 500 ఉండేవని చరిత్రకారుడు డియో లెక్క. 501వది కావాలనుకోలేదు కాబట్టి పేదవాడు కాదు.

నాకు మాత్రం ఆయన బండి ప్రయాణమే ముద్దొచ్చింది. మిత్రుడు మాక్సిమస్‌తో కలిసి రెండు రోజులు నిరాడంబరంగా గడిపారు. అంటే, వెంట ఒక్క బండికి సరిపడా బానిసలే! పరుపు నేలమీద. తిండిలోకి ఎండు అంజీర్లు. ఎక్కింది పల్లెటూరి బండి. కంచర గాడిదలు నడుస్తున్నాయి కాబట్టి బతికున్నాయని తెలుస్తోందట. తోలేవాడికి చెప్పుల్లేవు, అదీ ఎండాకాలమని కాదట. ఎదురుగా దర్జా బండి వచ్చినప్పుడల్లా జ్ఞాని గారి మొహం ఎర్రబడేది, ఈ డొక్కుబండి నాదే అనుకుంటారేమోనని. ఇదంతా ఆయనే ఉత్తరంలో రాసుకున్నారు. నిజాయితీకి దండం పెట్టాల్సిందే. తోలేవాడికి చెప్పులు కొనిచ్చినట్టు మాత్రం రాయలేదు.

క్రీ.శ. 61లో రోమ్ నగరాధికారి పెడానియస్‌ను అతని బానిస ఒకడు చంపాడు. పాత ఆచారం ప్రకారం ఆ ఇంట్లోని బానిసలందర్నీ చంపాలి. 400 మంది. ఆడవాళ్లు, పిల్లలతో సహా. మామూలు జనం రాళ్లు, దివిటీలు పట్టుకుని అడ్డుపడ్డారు. సెనేట్‌లో లేచి ఎదురు చెప్పినవాడు ఒక్కడూ లేడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. నీరో దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి అందర్నీ చంపించాడు. అప్పుడు నీరో పక్కనున్న సలహాదారు ఎవడు? సెనెకాయే. నోట్లో ఏం పెట్టుకున్నాడు, అంజీరపండా? ఆ తర్వాత, ఉద్యోగం వదిలాక, తీరిగ్గా ఉత్తరం రాశాడు, బానిసలూ మనుషులేనని. ఎవరికి కావాలయ్యా నీ ఉత్తరం? ఆ 400 మందికా?

ఇదంతా బాస్ స్టేటస్‌కి రిప్లైగా టైప్ చేశాను. రెండుసార్లు చదువుకున్నాను. చెరిపేసి, ఒక నమస్కారం బొమ్మ పెట్టాను.