పూచీ లేని గంటలు పెట్టె మీద ఎందుకు?

ఎల్ఈడీ బల్బు పెట్టె ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. చాలావాటి మీద 15,000 గంటలనో 25,000 గంటలనో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కకు తిప్పితే, వెతికితే గానీ దొరకని అక్షరాల్లో రెండేళ్ల వారంటీ. రోజుకు మూడు గంటల చొప్పున వెలిగిస్తే 25,000 గంటలంటే దగ్గరదగ్గర 23 ఏళ్లు. అదే వాడకంలో రెండేళ్లంటే 2,190 గంటలు. చెప్పిన ఆయుష్షులో పదో వంతుకు కూడా పూచీ పడనివాళ్లు మిగతా తొమ్మిది వంతులూ ఏ ధైర్యంతో అచ్చేస్తున్నారు? కొన్నాళ్లకే మాడిపోయిన బల్బు పట్టుకుని జనం మొత్తుకుంటున్నా ఆ అంకె మాత్రం పెట్టె మీద నుంచి దిగడం లేదు.

ఎల్ఈడీకి మారొద్దని మేం అనడం లేదు. మారాల్సిందే. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే 700-800 లూమెన్ల (లూమెన్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురును ఎల్ఈడీ 8 నుంచి 10 వాట్లలోనే ఇస్తుంది, సీఎఫ్ఎల్‌లో ఉండే పాదరసం ఇందులో ఉండదు. తెల్లటి ఎల్ఈడీ వెలుతురుకు దారి తీసిన నీలి ఎల్ఈడీని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఊరికే రాలేదు. ఇంత మంచి వస్తువు మీద నమ్మకాన్ని అమ్మేవాళ్లే చెడగొడుతున్నారన్నదే మా కోపం.

అసలు ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మీకూ కోపం వస్తుంది. సాధారణంగా ప్రయోగశాలలో ఎల్ఈడీ చిప్‌ను, అంటే బల్బు లోపల వెలుతురిచ్చే చిన్న ముక్కను, విడిగా కనీసం 6,000 గంటలు వెలిగించి, వెలుతురు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ తగ్గుదలను బట్టి ముందుకు లెక్క కట్టి, పరీక్షించిన కాలానికి గరిష్ఠంగా ఆరు రెట్ల దాకా అంచనా వేస్తారు. మొదట్లో ఉన్న వెలుతురు 70 శాతానికి పడిపోయే సమయాన్నే ఆయుష్షు అంటారు. ఈ పరీక్షలో ఉన్నది చిప్ మాత్రమే, మనం హోల్డర్‌లో పెట్టే బల్బు కాదు. బల్బు మెడలో ఇంటి కరెంటును చిప్‌కు తగ్గట్టు మార్చే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అందులో లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అనే భాగం వేడికి మెల్లగా ఎండిపోతుంది. డ్రైవర్ పోతే బల్బు పోయినట్టే, లోపల చిప్ ఎంత నిక్షేపంగా ఉన్నా సరే. ఇంజన్‌ను పరీక్షించి బండి మొత్తానికి హామీ రాసినట్టుంది ఈ వ్యవహారం.

వోల్టేజీ హెచ్చుతగ్గులు, గాలాడని ఫిట్టింగులు తమ చేతిలో లేవని కంపెనీలు అంటాయి. కొంత నిజమే. అయితే ఆ షరతులు కూడా 25,000 అనే అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి కదా!

బల్బు ఆయుష్షుతో ఆటలు కొత్త కాదు. 1924లో పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఫీబస్ పేరుతో జట్టు కట్టి, ఫిలమెంట్ బల్బు 1,000 గంటలకు మించి వెలగకూడదని కట్టడి చేసుకున్నాయి, ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానాలు కూడా వేశాయి. అప్పుడు తగ్గించారు, ఇప్పుడు పెంచి రాస్తున్నారు. రెండుసార్లూ కొనేవాడికి అసలు సంగతి చెప్పలేదు. పూచీ లేని అంకె బల్బు మీద చెల్లితే రేపు బ్యాటరీ మీదా చెల్లుతుంది, ఫ్యాన్ మీదా, ఫ్రిజ్ మీదా చెల్లుతుంది. మా భయమంతా అదే.

అందుకే కొనేటప్పుడు గంటలు చూడకండి, వారంటీ ఎన్నేళ్లో చూడండి. వాట్లు కాదు, లూమెన్లు చూడండి. '60 వాట్లకు సమానం' అని రాసి లూమెన్లు 600 దగ్గరే ఆగిపోతే అది సమానం కాదు. వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు: పడకగదికి 2,700 నుంచి 3,000 కెల్విన్ల పసుపు వెలుతురు హాయిగా ఉంటుంది, 6,500 బాగా తెల్లగా, నీలి ఛాయతో ఉంటుంది. రంగులు సరిగ్గా కనిపించాలంటే, అవి ఎంత సహజంగా కనిపిస్తాయో 100కు లెక్కగట్టే సీఆర్ఐ అనే అంకె కనీసం 80 ఉండాలి, వంటింట్లోనూ అద్దం దగ్గరా 90 అయితే ఇంకా మంచిది. మూత ఉన్న డూమ్‌లో పెట్టాలంటే అందుకు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉండాలి, వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ స్విచ్చుకైనా అంతే. ఇల్లంతటికీ ఒకేసారి కొనేయకుండా ముందు ఒకటి తెచ్చి, వెలిగించి, ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్లచారలు పాకుతుంటే వెలుతురు మినుకుమంటున్నట్టు లెక్క, తలనొప్పి కొని తెచ్చుకోవద్దు. ఇక డ్రైవర్ పోతే మొత్తం పారేయాల్సి వచ్చే సీల్ చేసిన ఫిట్టింగులకు వీలైనంత దూరంగా ఉండండి, కరెంటు ఆదా చేశామనుకుంటూ ఎలక్ట్రానిక్ చెత్త పోగేయడం మనకెందుకు?

ప్రమాణాలు చూసే అధికారులకు ఒక్కటే అడుగుతున్నాం. వారంటీని గంటల్లో రాయించండి, ఆయుష్షు అంకె పక్కనే రాయించండి. పూచీ పడలేని గంటను అచ్చేయనివ్వకండి. కంపెనీలూ వినాలి: 25,000 గంటలకు నిలబడే దమ్ముంటే రాయండి, లేదంటే నిలబడగలిగినన్నే రాయండి. కొనేవాళ్లకు కూడా చెప్పక తప్పదు. బిల్లు పారేసి, మాడిన బల్బును చెత్తబుట్టలో పడేసి, మళ్లీ అదే పెట్టె కొని తెచ్చుకుంటుంటే వాళ్లెందుకు మారతారు? బిల్లు దాచండి, వారంటీ ఉండగా మాడిన ప్రతి బల్బునూ కొన్న చోటికే తీసుకెళ్లి, మార్చి ఇచ్చేదాకా కదలకండి.