పెన్సిలుతో రాసిన డ్యూటీ చార్టు గారికి

అయ్యా,

గాయత్రి ఎస్టేటులో ఇరవై పడకల నర్సింగ్ హోమైనా, బుధవారపేటలో పెద్దాసుపత్రైనా, ఇన్‌ఛార్జి సిస్టర్ గది గోడ మీద రాజ్యం మీదే. డాక్టర్లు ఏడాదికోసారి మారతారు, మేనేజర్లు ఆర్నెల్లకోసారి మారతారు. మీరు మాత్రం సాయంత్రానికల్లా మారిపోతారు. ఒక మూల రబ్బరు, ఇంకో మూల వైట్‌నర్, మధ్యలో మా పేరు.

ఇంటర్ అయిపోయి, జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) సర్టిఫికెట్ పట్టుకుని, ఒకటి రెండేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని జీఎన్ఎంలోనో (అంటే నర్సింగ్ డిప్లొమాలోనో) బీఎస్సీ నర్సింగులోనో చేరదామని పిల్లలు కోడుమూరు నుంచి, వెల్దుర్తి నుంచి బస్సెక్కి వస్తారు. వచ్చినోళ్లు జీతమెంతని అడుగుతారు గానీ పోయిన నెల చార్టు చూపించండని అడగరు. మీ దర్జా అంతా అక్కడే ఉంది.

లెక్క చూద్దామా? ఒకచోట చేతికి 14,000 ఇస్తామంటారనుకుందాం, డ్యూటీ పన్నెండు గంటలు. ఇంకోచోట 13,000, మూడు షిఫ్టులు, ఎనిమిదేసి గంటలు. రెండోచోట పీఎఫ్ 12 శాతం కింద 1,560, ఈఎస్ఐ 0.75 శాతం కింద 98 పోయి చేతికొచ్చేది 11,342. ఇంట్లోవాళ్లు మొదటిదానికే ఓటేస్తారు. కానీ నెలకు 26 రోజులంటే మొదటిచోట 312 గంటలు, రెండోచోట 208. గంటకు చూస్తే అక్కడ 45 రూపాయలు కూడా పడదు, ఇక్కడ కోతలకు ముందు 62 రూపాయల 50 పైసలు, కోతలు పోయినా 54 పైనే. పైగా పీఎఫ్‌లో యజమాని వాటా వేరేగా పడుతుంది, జబ్బు చేస్తే ఈఎస్ఐ ఉంటుంది. మిగిలే గంటలు సరిగ్గా 104. మందుల బండి నంబరు గుర్తొచ్చిందా? నర్సింగు సీటు కోసం మేం చదివే బోటనీ, జువాలజీ బతికేది ఆ 104 మీదే.

ఇక మీ అసలు విద్య గురించి. ఒక వార్డులో షిఫ్టుకు ఒక్క అసిస్టెంటే చాలనుకున్నా వారానికి 21 డ్యూటీలు. మనిషికి ఆరు చొప్పున ముగ్గురు చేస్తే 18. ఆ మిగిలిన మూడూ ఎవరు చేస్తారు? "కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా" అనే మాట పుట్టింది ఆ మూడు గళ్లలోనే. కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లు ఏసీ ఉందా, క్యాంటీన్‌లో ఉగ్గాని బజ్జి దొరుకుతుందా అని చూడబల్లేదు, మీ మీద పేర్లు లెక్కపెడితే చాలు. నాలుగుంటే ఊపిరి ఆడుతుంది. మూడే ఉంటే డబుల్ డ్యూటీ ఖాయం, అదీ నోటిమాట మీద.

మీ చేతిలో ఇంకో కనికట్టు ఉంది. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున 8కి దిగి ఇంటికి పోయి పడుకున్న రోజును "ఆఫ్" అని రాసి, వారం సెలవు ఖాతాలో వేసేస్తారు. నిద్రపోవడమూ సెలవేనన్నమాట! ఆరు నైట్లు వరసగా వేసి తర్వాత ఆఫ్ ఇచ్చే చార్టుతో ఎట్లోకట్ల కాపురం చేయొచ్చు, ఒళ్లు అలవాటు పడుతుంది. పొద్దున నైట్ దిగినోళ్లను అదేరోజు మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ రమ్మనే చార్టుతో మాత్రం ఏ సబ్జెక్టూ తలకెక్కదు.

మీ వంశంలో మంచివాళ్లూ ఉన్నారు, ఒప్పుకోవాలి. డయాలసిస్ యూనిట్ చార్టు అట్లాంటిది. రోగి వారానికి మూడుసార్లు వస్తాడు, కూర్చుంటే నాలుగు గంటలు. సోమ-బుధ-శుక్ర ఒక జట్టు, మంగళ-గురు-శని ఇంకో జట్టు, అందుకే చాలాచోట్ల ఆదివారం ఖాళీ. పని తేలిక కాదు. మిషన్ ఎక్కించే ముందూ దించాకా బరువు చూడాలి, మధ్యలో బీపీ చూస్తూనే ఉండాలి, ఉన్నట్టుండి బీపీ పడిపోతే కేకేయాలి. రక్తంతో పని కాబట్టి చేరేటప్పుడే హెపటైటిస్-బి టీకా ఎవరు వేయిస్తారో అడగాలి. అది 0, 1, 6 నెలలకు మూడు డోసులు. మా మటుకు, చదువుకునే పిల్లకు ఈ చార్టే మేలు.

ఇంటి దగ్గర పేషెంటును చూసుకునే పనికి చార్టే ఉండదు. ఒక్కరే రోగి, రాత్రి పుస్తకం తెరవొచ్చు అని ఏజెన్సీవాళ్లు ఊరిస్తారు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయని మాత్రం చెప్పరు. రెండేసి గంటల నిద్రతో ఏం చదువుతాం? పెద్దాసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓ (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీ) పోస్టులు పడితే అప్లై చేయాల్సిందే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మాత్రం మీక్కూడా తెలియదు.

వార్డులో మూడేళ్లు చేశాం కదా, నర్సింగులో ఒక ఏడాది తగ్గిస్తారేమో అని ఆశపడేవాళ్లున్నారు. తగ్గించరు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు, ఎవరికైనా అంతే. బీఎస్సీకి బైపీసీలో 45 శాతం కావాలి, ఎస్సీ ఎస్టీలకు 40. వేరే గ్రూపువాళ్లకు జీఎన్ఎం దారి ఉంది. థియరీ హాజరు 80 శాతం, క్లినికల్ (ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్) మొత్తానికి మొత్తం పూర్తి చేయాలి. అంటే కోర్సులో చేరాక మీ దగ్గర ఉద్యోగం కుదరదు. దాచుకునేదేదో చేరకముందే దాచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద గొళ్లెం మీ వెనక బీరువాలో ఉంది: మా ఒరిజినల్స్. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ "సేఫ్‌గా ఉంటాయి" అని తీసుకుంటారు. కౌన్సెలింగ్‌కి ఇవే కావాలి, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లతో కలిపి. సీటొచ్చాక కాలేజీలో రిపోర్టు చేసే గడువు కొద్ది రోజులే, మీ నోటీసు పీరియడేమో నెల. ఆ నెలలో సీటు ఇంకొకరిదవుతుంది. అందుకే ఒరిజినల్స్ చూపించి, అటెస్టేషన్ చేయించిన జిరాక్సులిచ్చి వెనక్కి తెచ్చుకోవాలి. ఇవ్వక తప్పకపోతే తేదీ, సంతకం, ముద్రతో రసీదు రాయించుకోవాలి. "సీటొస్తే వారంలో రిలీవ్ చేస్తాం" అన్న మాట ఆఫర్ లెటర్లోనే పడాలి, నోట్లో కాదు.

చివరగా మా విన్నపాలు మూడు. వచ్చే నెల చార్టు ఈ నెల 25కల్లా గోడెక్కాలి. పెన్సిలు మానేసి పెన్నుతో రాయాలి, మార్చినచోట మార్చినవాళ్ల సంతకం ఉండాలి. డబుల్ డ్యూటీకి విడిగా ఒక గడి గీయాలి, దాన్ని జీతం లెక్క రాసే అకౌంటెంటు కూడా చూడాలి.

ఇట్లు,
మీ మీద ఇంటిపేరు లేకుండా "కొత్త సిస్టర్-2" అని రాసి ఉన్నవాళ్లు,
కర్నూలు.