బడిబాట జూన్‌లో కాదు, మార్చిలోనే మొదలవ్వాలి

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే ఊళ్లో రోజు తీరే మారిపోతుంది. పొద్దున ఎనిమిదింటికల్లా గంట మోగుతుంది. పన్నెండున్నరకు పిల్లలు బడిలోనే అన్నం తిని, చెట్టు నీడా గోడ నీడా చూసుకుంటూ ఇళ్లకు నడుస్తారు. మార్చి 15 అటూ ఇటూగా మొదలై ఏప్రిల్ 23న చివరి పనిదినం దాకా సాగే ఈ నలభై రోజులే మన తెలంగాణ సర్కారు బడికి అసలైన పండగ రోజులు. పదో తరగతి పరీక్షలు ఇప్పుడే. వీడ్కోలు సభలు, స్వయం పాలన దినాలు, వార్షికోత్సవాలు, ఉగాది, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి అన్నీ ఈ నెలన్నర చుట్టూనే. ఖమ్మం, మహబూబాబాద్ వైపు మిరప తోటలున్న మండలాల్లో కాయ ఏరే పని కూడా సరిగ్గా ఇప్పుడే.

పిల్లలే టీచర్లయ్యే స్వయం పాలన దినం నాడు ఒక మారుమూల మండలంలోని ఉన్నత పాఠశాలకు వెళ్లాం. పదో తరగతి అమ్మాయి ఒకరు అమ్మ చీర కట్టుకుని, కుచ్చిళ్లకు నాలుగు పిన్నీసులు పెట్టుకుని ఆరో తరగతికి లెక్కలు చెబుతోంది. భిన్నాల కూడిక. బోర్డు మీద రొట్టె బొమ్మ గీసి నాలుగు ముక్కలు చేసింది. వెనక బెంచీలో ఒకడికి అర్థం కాలేదు. ఆమె విసుక్కోలేదు. దగ్గరికి వెళ్లి, వాడి నోట్‌బుక్‌లోనే ఇంకో రొట్టె గీసి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. గుమ్మం పక్కన నిలబడి చూస్తున్న లెక్కల సారు కళ్లు తుడుచుకోవడం మేం చూశాం. నాలుగేళ్ల కింద ఆ పిల్లకు ఇదే పాఠం చెప్పింది ఆయనే.

వార్షికోత్సవం ఇంకో ప్రాథమిక పాఠశాలలో చూశాం. షామియానా, రెండు సౌండ్ బాక్సులు, అద్దె కుర్చీలు. ఖర్చుకు టీచర్లు తలా కొంత వేసుకున్నారు, పాత విద్యార్థులు కొంత ఇచ్చారు. రెండో తరగతి బాబు అల్లూరి వేషం వేశాడు. విల్లు వెదురుబద్దతో చేసిందే, అయినా వాడు దాన్ని పట్టుకున్న తీరు చూడాలి. సభ పదకొండింటికి పెట్టారు. ఆ వేళకు వాడి అమ్మ మిరప తోటలో ఉంది. కార్యక్రమం సగం అయ్యాక పరుగున వచ్చింది. కాయ ఏరి మండుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనకే నిలబడిపోయింది. అప్పటికే వాడి వంతు అయిపోయింది. హెడ్‌మాస్టరు మేడం మైకు తీసుకుని ఆ బాబును మళ్లీ స్టేజీ మీదికి పిలిచారు. వాడు డైలాగు మళ్లీ చెప్పాడు. ఈసారి ఇంకా గట్టిగా.

బడి అంటే ఊరికి ఉన్న మమకారానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఆ మమకారాన్ని పిల్లల చేరికగా మలుచుకునే చోటే మనం వెనకబడుతున్నాం. ఈ సంపాదకీయం రాయడానికి కారణం అదే.

వార్షికోత్సవం జరుగుతున్న అదే వారంలో, అదే ఊళ్లోకి పక్క పట్టణం నుంచి ప్రైవేటు స్కూలు వ్యాన్ వస్తుంది. ఇంటింటికీ రంగుల కరపత్రాలు పంచుతారు. ‘ఇప్పుడే చేరితే ఫీజులో తగ్గింపు’ అంటారు. అడ్వాన్సుగా కొంత కట్టించుకుని రసీదు చేతిలో పెడతారు. ఏప్రిల్ దాటేసరికి చాలా ఇళ్లలో వచ్చే ఏడాది పిల్లాడు ఎక్కడ చదవాలన్నది తేలిపోతుంది. ఇల్లిల్లూ తిరిగి పిల్లలను సర్కారు బడిలో చేర్పించే మన ప్రభుత్వ బడిబాట ఎప్పుడు? 2025లో జూన్ 6 నుంచి 19 దాకా నడిపారు. బడులు తెరిచింది జూన్ 12న. డప్పులతో, ప్లకార్డులతో టీచర్లు ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. అయితే వాళ్లు తలుపు తట్టేసరికి చాలా ఇళ్లలో అడ్వాన్సు కట్టేసి ఉంటారు. కూలి డబ్బులతో కట్టిన ఆ అడ్వాన్సును వదులుకుని రమ్మంటే ఏ తల్లి వస్తుంది?

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. దేశంలోని బడుల వివరాలు ఏటా సేకరించే యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశం మొత్తం మీద 7,993. అందులో తెలంగాణవి 2,245. పశ్చిమ బెంగాల్ తర్వాత మనమే. ఇందులో ఒక్కో అంకె ఒక్కో ఊరి బడి. తాతలు స్థలం ఇచ్చి, ఊరంతా చందాలు వేసుకుని కట్టుకున్న బడులూ వాటిలో ఉండకపోవు. గోడ మీద అక్షరమాల అలాగే ఉంటుంది, చదివే పిల్లలుండరు.

తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. మూడేళ్లు నిండిన బిడ్డను ఎల్‌కేజీలో వేయాలనుకుంటే సర్కారు బడిలో చాలాకాలం ఆ తరగతే లేదు. అంగన్‌వాడీ ఉన్నా, అక్కడి నుంచి ఒకటో తరగతికి చేయి పట్టి నడిపించే ఏర్పాటు చాలా చోట్ల లేదు. ఒకసారి వ్యాన్ ఎక్కిన బిడ్డ మళ్లీ ఊరి బడికి రావడం అరుదు. 2025-26లో కొన్ని ప్రభుత్వ బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు మొదలుపెట్టడం మంచి అడుగు. దాన్ని ప్రతి ఊరికీ తీసుకుపోవాలి. అంగన్‌వాడీలో చివరి ఏడాది ముగించే పిల్లల జాబితా మార్చిలోనే హెడ్‌మాస్టరు చేతిలో ఉండాలి. ఆ పిల్లలను వార్షికోత్సవానికి పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, అక్కడే ఒకటో తరగతి టీచరుతో పలకా బలపం ఇప్పించాలి. ఆ ఖర్చు ఎంత? ఏ పంచాయతీ అయినా భరించగలిగేదే.

సర్కారు బడికి చెప్పుకోవడానికి చాలా ఉంది. చెప్పుకోవడమే చేతకావడం లేదు. టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసై, నియామక పరీక్ష డీఎస్సీలో ర్యాంకు తెచ్చుకున్నవాళ్లు అక్కడ పాఠం చెబుతున్నారు. 2024 డీఎస్సీతో దాదాపు పది వేల మంది కొత్త టీచర్లు వచ్చారు. పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000 వస్తుంది. అది సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలకే. ప్రైవేటు బడుల పిల్లలకు ఆ అవకాశం లేదు. ఎంతమంది తల్లిదండ్రులకు ఈ సంగతి తెలుసు? మీ ఊరి నుంచి ఎంపికైన పిల్లల ఫొటో పంచాయతీ గోడ మీద ఎందుకు ఉండదు? ప్రైవేటు స్కూలు తన ర్యాంకర్ల ఫొటోలు బస్టాండు నిండా కడుతోంది. మన బడి మాత్రం తన బిడ్డ గెలిచిన సంగతిని హాజరు పట్టికలోనే దాచుకుంటోంది.

పదో తరగతి పిల్లల సంగతి ఇంకో మాట. పరీక్షల ముందు సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడుతున్నారు, 2025లో ప్రభుత్వం ఆ వేళకు అల్పాహారం కూడా ఇచ్చింది. ఖాళీ కడుపుతో ఆరింటిదాకా కూర్చునే పిల్లలకు అది చిన్న సాయం కాదు. ఏటా ఆపకుండా ఇవ్వాలి. పరీక్ష రోజు టెన్షన్ తగ్గాలంటే తండా నుంచి కేంద్రానికి వేళకు బస్సు ఉండాలి. ఆర్టీసీ, మండల విద్యాధికారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే పని ఇది.

మిరప తోటల మండలాల్లో మరో బాధ ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూలికి వేరే ఊళ్లకు వెళ్లే కుటుంబాలు పిల్లలను వెంట తీసుకుపోతాయి. హాజరు పట్టికలో గీతలు పెరుగుతాయి. తిరిగొచ్చేసరికి వార్షిక పరీక్షలు దగ్గర పడతాయి, చదువులో వెనకపడిన పిల్ల నెమ్మదిగా బడి మానేస్తుంది. కూలికి వెళ్లిన చోటే దగ్గర్లోని బడిలో ఆ పిల్లలను కూర్చోనివ్వాలి, మధ్యాహ్నం అన్నం పెట్టాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పొరుగు బడిలో చదివే హక్కు ఆ పిల్లలకు కూడా అదే ఇచ్చింది. తోట యజమానులు కూడా పిల్లలకు కాయల బుట్ట ఇవ్వకుండా బడికి పంపే బాధ్యత తీసుకోవాలి.

మేం కోరేది పెద్ద పెద్ద పథకాలు కాదు. బడిబాటను రెండుగా చేయండి. మొదటిది మార్చిలో మొదలై ఏప్రిల్ 23కు ముగియాలి, రెండోది జూన్‌లో మిగిలినవాళ్ల కోసం. వార్షికోత్సవాన్ని పొద్దున పదకొండింటికి కాకుండా సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. కూలికి వెళ్లిన తల్లి స్నానం చేసి, శుభ్రమైన చీర కట్టుకుని, ముందు కుర్చీలో కూర్చుని తన బిడ్డను చూసుకోవాలి. లైట్ల ఖర్చు పంచాయతీ పెట్టుకోవాలి. సర్పంచి, వార్డు సభ్యులు శాలువా కప్పించుకుని వెళ్లిపోకుండా చివరిదాకా కూర్చోవాలి. రోజూ అన్నం వండి పెట్టే అక్కలను స్టేజీ మీదికి పిలవాలి. పిల్లల పేర్లు, ఎవరు ఎంత తింటారో, ఎవరికి గుడ్డు పడదో వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు రావాల్సిన బిల్లులు నెలనెలా ఇవ్వడం ఏ శాలువాకన్నా పెద్ద సన్మానం.

తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి. ఊరి మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే వాటికి సారథి. అంతకుముందు నుంచీ విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం కమిటీలో సగం మంది ఆడవాళ్లు కావాలని చెబుతోంది. అంటే బడి ఎవరిదో చట్టమే తేల్చేసింది. ఆ కమిటీ మార్చి నెలలో ఒక్కసారైనా నిండుగా కూర్చుని, ఊళ్లో ఐదేళ్లు నిండుతున్న పిల్లలెవరో పేరుపేరునా రాసుకోవాలి.

ఈ పేర్లతో ఇంకో పని కూడా ముడిపడి ఉంది. యూనిఫాంలు కుట్టేది మహిళా సంఘాల వాళ్లే. టేపు మెడలో వేసుకుని బడికొచ్చి, పిల్లలను వరసగా నిలబెట్టి, భుజం, పొడవు, నడుము కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఏప్రిల్ ముగిసేలోగా ఆ నోట్‌బుక్‌లో పేరు ఎక్కిన పిల్లకు వేసవిలో మిషన్ మీద జత కుట్టి పెట్టవచ్చు. జూన్ చివర చేరిన పిల్ల పాత గౌనుతో కొత్త బట్టల మధ్య కూర్చోవాలి. ఈ ఏడాది ఏ ఊళ్లో కొలతలు తీసే రోజు ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజు అంగన్‌వాడీ పిల్లలను కూడా వరసలో నిలబెట్టండి.