పొలంలో దొరికిన శిలాజం ఎవరి సొత్తు?

హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లిన ప్రతి బడిపిల్లవాడూ అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ముందు ఆగి, తల పైకెత్తి చూసి వస్తాడు. ఆ రాక్షసబల్లి ఎక్కడో అమెరికా ఎడారిలో కాదు, మన ప్రాణహిత–గోదావరి లోయలో, యామనపల్లి దగ్గరి మట్టిలో దొరికిందని తెలిసి ఇంటికి వెళ్లేవారు మాత్రం తక్కువ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ) శాస్త్రజ్ఞులు అక్కడ 12 జంతువులకు చెందిన 840 దాకా ఎముకలను సేకరించగా, 1988లో పి. యాదగిరి ఆ జంతువుకు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఇదే లోయలో, మహారాష్ట్ర వైపు సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర, అంతకుముందే బయటపడిన బారాపాసారస్ అనే మరో రాక్షసబల్లి అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. బెంగాలీలో పెద్ద కాలు అనే అర్థం వచ్చేలా, రవీంద్రనాథ్ ఠాగూర్ పేరును కూడా కలిపి, 1975లో దానికి నామకరణం జరిగింది. ఈ రెండు తవ్వకాలూ ప్రభుత్వ సంస్థల చేతుల మీదుగా జరిగాయి కాబట్టి ఆ ఎముకలు ఎవరివన్న ప్రశ్న తలెత్తలేదు. రేపు అదే లోయలో నాగలికో పొక్లెయినుకో మరో ఎముక తగిలితే, దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి ఏం చేయాలి? ఇంట్లో దాచుకోవాలా, అడిగినవాడికి అమ్మాలా, ప్రభుత్వానికి అప్పగించాలా?

ఈ ప్రశ్నకు మన చట్టాల్లో సూటిగా జవాబు దొరకదు. 1972 నాటి పురావస్తువుల చట్టం విగ్రహాలు, నాణేలు, రాతప్రతులు వంటి మనిషి చేతి పనులను దృష్టిలో పెట్టుకుని రాసినది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువులన్నిటి గురించీ మాట్లాడుతుంది గానీ, కోట్ల ఏళ్ల కిందట బతికిన జంతువు ఎముక దాన్ని రాసినవారి ఊహలో ఉన్నట్లు కనిపించదు. భూవారసత్వ స్థలాలు, శిలాజాల వంటి భూ అవశేషాల పరిరక్షణ కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. అది చట్టంగా మారకపోవడంతో శిలాజం దొరికినవాడి నిర్ణయం ఇప్పటికీ అతని మనస్సాక్షికీ, పక్కనున్నవారి సలహాకూ వదిలేసినట్లే ఉంది.

చట్టం మౌనంగా ఉన్నా మన ఆచారం మౌనంగా లేదు. తెలుగువారి పూజామందిరాల్లో తరతరాలుగా శిలాజాలు ఉన్నాయి. నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాలలో చాలా వాటిపై కనిపించే చక్రం ఒకనాడు సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల ముద్ర. సాలగ్రామానికి వెల కట్టరాదనీ, దాన్ని పెద్దల నుంచి పొందాలే తప్ప బేరమాడి కొనకూడదనీ మన ఇళ్లలో చెప్పుకునే మాట ఇప్పటికీ వింటాం. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామంలో రైతులు పొలాలనూ పశువులనూ కాపాడే కాకడ్ భైరవుడిగా కొలిచిన గుండ్రని రాళ్లు రాక్షసబల్లి గుడ్లని శాస్త్రజ్ఞులు చెప్పినట్లు 2023 డిసెంబరులో వార్తలు వచ్చాయి. ఆ రైతులను అమాయకులని చిన్నచూపు చూడటం తగదు. పగలగొట్టి గోడ కట్టుకోగల రాయిని భక్తితో కాపాడి, చూడవచ్చినవారికి చూపించింది వారే. దాచుకోవడం వెనుక ఎప్పుడూ దురాశే ఉంటుందని మేము అనుకోవడం లేదు.

అయితే సాలగ్రామాలు వేల సంఖ్యలో దొరుకుతాయి. ఒకటి దేవుడి గదిలో ఉన్నందువల్ల శాస్త్రానికి కలిగే లోటు ఏమీ లేదు. బొగ్గు గనుల దగ్గర పలకరాళ్ల మీద కనిపించే ఆకుల ముద్రలు, రాయిగా మారిన కలప ముక్కలు కూడా చాలావరకు ఇలాంటివే. విద్యార్థి వాటిని దాచుకుని, ఎక్కడ ఎప్పుడు దొరికాయో చీటీ రాసి అంటిస్తే అది మంచి అభ్యాసమే అవుతుంది. ఎముకలు, దంతాలు, గుడ్లు, ఇంతకుముందు ఎవరూ చూడని రూపాలు దొరికినప్పుడు మాత్రం లెక్క మారుతుంది.

అరుదైన శిలాజం చూడగానే అరుదైనదిగా కనిపించకపోవచ్చు. వికారాబాద్ జిల్లాలోని నస్కల్ గ్రామం దగ్గర దక్కన్ లావా పొరల నడుమ చిక్కుకున్న మట్టిని జల్లించి, అందులో దొరికిన అతి చిన్న దంతాల ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో దక్కనోలెస్టెస్ అనే జీవిని ప్రపంచానికి పరిచయం చేశారు. రాక్షసబల్లులు భూమి మీద తిరుగుతున్న కాలంలోనే మన నేల మీద బతికిన ఓ చిన్న పాలిచ్చే జంతువు అది. రాక్షసబల్లుల చివరి కాలమైన క్రెటేషియస్ యుగపు క్షీరదం భారతదేశంలో దొరకడం అదే మొదటిసారి. ఆ దంతాన్ని అరచేతిలో పెట్టి చూపిస్తే ఏ వ్యాపారీ పది రూపాయలు కూడా ఇవ్వడు. దాని విలువంతా అది ఏ పొరలో, ఏ మట్టిలో, ఏ గుల్లల పక్కన దొరికిందన్న సమాచారంలో ఉంది. అందుకే పెద్ద ఎముక కనబడగానే ఉత్సాహంతో తవ్వి, కడిగి, వార్నిష్ పూసి అల్మారాలో పెట్టిన క్షణంలోనే శాస్త్రం సగం నష్టపోతుంది. కడిగి పారబోసిన మట్టిలో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో ఉన్న రాళ్ల గురించి మాట్లాడేటప్పుడు తప్పక తలచుకోవలసిన ఉదంతం ఒకటుంది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో శిలాజాలు నిండిన రాళ్లను సేకరించి, వాటిలో ఒక చిన్న జంతువుకు 1971లో ఇండోహ్యుస్ అని పేరు పెట్టారు. ఆయన మరణం తర్వాత, ఇంకా విప్పి చూడని రాళ్లు ఆయన భార్య సంరక్షణలో ఉండిపోయాయి. చివరకు ఆమె వాటిని పరిశోధన కోసం శాస్త్రవేత్త తెవిసెన్ చేతికి అందించారు. రాళ్లను శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలోని చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట లోపలి గోడ అసాధారణమైన మందంతో కనిపించింది. అది తిమింగలాల జాతికి గుర్తు. పిల్లి కంటే పెద్దగా మించని ఆ గిట్టల జంతువు తిమింగలాల పూర్వీకులకు దగ్గరి బంధువని 2007 డిసెంబరులో నేచర్ పత్రిక ప్రకటించింది. భూమి మీద నడిచిన ప్రాణి సముద్రంలోకి ఎలా వెళ్లిందన్న పెద్ద ప్రశ్నకు ఒక జవాబు ఏళ్ల తరబడి ఒక కుటుంబం దగ్గరి రాళ్లలో ఉండిపోయిందన్నమాట. ఆమె ఆ రాళ్లను పారేయలేదు, అమ్ముకోలేదు, భర్త జీవితకాలపు శ్రమగా భావించి భద్రపరిచారు. అలా భద్రపరచడం వల్లే ఆ తర్వాత ఇవ్వడం సాధ్యమైంది. రాళ్లతో పాటు ఎక్కడివో తెలిపే వివరాలు కూడా ఉండబట్టే అవి శాస్త్రానికి పనికొచ్చాయి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల, భూగర్భ శాస్త్రజ్ఞుల ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉంటాయి. పెద్దాయన పోయాక ఇల్లు సర్దేటప్పుడు అవి రాళ్లగుట్టలో కలవకుండా చూడమని ఆ కుటుంబాలను మేము వేడుకుంటున్నాము.

అమ్మకం సంగతికి వస్తే, అమెరికా అనుభవం మనకు చాలా నేర్పుతుంది. అక్కడ సొంత భూమిలో దొరికిన శిలాజం భూయజమానిదే. 1990లో దక్షిణ డకోటాలో దొరికిన, సూ అని పేరుపడ్డ టిరనోసారస్ జాతి రాక్షసబల్లిని తవ్వుకునేందుకు ఒక సంస్థ భూయజమానికి 5,000 డాలర్లు చెల్లించింది. ఆ భూమి మూలవాసి కుటుంబం పేరిట ప్రభుత్వ ధర్మకర్తృత్వంలో ఉన్నందున ఆ బేరం చెల్లదని వివాదం రేగి, 1992లో ఎముకలను అధికారులు స్వాధీనం చేసుకున్నారు. కోర్టులు భూయజమాని పక్షాన నిలిచాక, 1997లో వేలంలో అది 83.6 లక్షల డాలర్లకు పోయింది. పెద్ద సంస్థలు డబ్బుతో ముందుకు రావడం వల్ల షికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి దక్కింది గానీ, లేకుంటే ఏ కోటీశ్వరుడి హాలులోనో అలంకారమై ఉండేది. ఆ వేలం తర్వాత ధరల స్థాయే మారిపోయింది. 2020లో స్టాన్ అనే మరో టిరనోసారస్ 3.18 కోట్ల డాలర్లు పలికింది. అది ఎవరి చేతికి చేరిందో ఏడాదికి పైగా బయటి ప్రపంచానికి తెలియలేదు. చివరికి అబుధాబీలో అప్పట్లో కడుతున్న మ్యూజియానికని వెల్లడయింది. 2024లో ఏపెక్స్ అనే స్టెగోసారస్ జాతి రాక్షసబల్లికి 4.46 కోట్ల డాలర్లు వచ్చాయి. కొన్న ధనికుడు దాన్ని న్యూయార్క్ మ్యూజియానికి అరువుగా ఇచ్చారు. ఇది మంచి పనే. కానీ శాస్త్రం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడలేదు. ఒకరు కొలిచిన ఎముకను మరో ఇరవై ఏళ్లకు ఇంకొకరు మళ్లీ కొలిచి సరిచూడగలిగితేనే దాన్ని శాస్త్రం అంటారు. ఆ భరోసా ప్రైవేటు చేతిలో ఉన్న శిలాజానికి ఉండదు కాబట్టే వాటిపై రాసిన వ్యాసాలను ప్రచురించడానికి పేరున్న పత్రికలు కొన్ని ఒప్పుకోవు.

ఇంత ధర పలికే చోట దొంగలూ ఉంటారు. మంగోలియా నుంచి అక్రమంగా తరలించిన టార్బోసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని 2012లో న్యూయార్క్‌లో 10 లక్షల డాలర్లకు పైగా ధరకు వేలం వేశారు. మంగోలియా గట్టిగా పట్టుబట్టడంతో అమెరికా ప్రభుత్వం కోర్టుకు వెళ్లి, 2013లో దాన్ని ఆ దేశానికి తిరిగి ఇచ్చింది. శిలాజాలు దేశపు సొత్తని మంగోలియా చట్టం ముందే చెప్పి ఉండబట్టే అది సాధ్యమైంది. మన గుడ్లో ఎముకలో రేపు ఏ వేలంశాలలోనైనా కనిపిస్తే మనం ఏ చట్టాన్ని చూపించి అడగాలి?

కాబట్టి అరుదైన శిలాజాల అమ్మకాన్ని మేము వ్యతిరేకిస్తున్నాము. అయినా, అమ్మాలనుకున్న మనిషిని నేరస్థుడిలా చూడటాన్నీ అంతే గట్టిగా వ్యతిరేకిస్తున్నాము. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో మేరీ ఆనింగ్ అనే పేద యువతి లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊరి కొండ అంచుల్లో ప్రాణాలకు తెగించి శిలాజాలు వెలికితీసి, వాటిని అమ్ముకుని ఇల్లు గడిపింది. ఆమె తీసిన సముద్ర సరీసృపాల మీద వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్న పెద్దమనుషుల్లో చాలామంది ఆమె పేరు కూడా రాయలేదు. ఎకరం మెట్ట మీద బతికే మన రైతును ఖాళీ చేతులతో పంపి, ఎముకను మాత్రం తీసుకెళ్లి, గాజు పెట్టె మీద శాస్త్రజ్ఞుడి పేరు ఒక్కటే రాస్తే ఆ అన్యాయాన్నే మనమూ చేసినట్లవుతుంది. అదే తీరంలో ఇప్పుడు పశ్చిమ డోర్సెట్ సేకరణదారులు పాటిస్తున్న నియమావళి ప్రకారం ముఖ్యమైన శిలాజం దొరికితే నమోదు చేయించాలి, అమ్మదలిస్తే ముందుగా మ్యూజియాలకు ఇవ్వజూపాలి. ఆ పద్ధతి పూర్తిగా మనకు సరిపోదు. అయినా, కనుగొన్నవాడిని పక్కకు నెట్టకుండా శాస్త్రాన్ని కాపాడవచ్చని అది చూపింది.

మన 1878 చట్టమే కనుగొన్నవారి హక్కును గుర్తించిందన్న సంగతి ఢిల్లీలో ముసాయిదా రాసేవారు గమనించాలి. సొంతదారు లేని నిధిలో, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు కనుగొన్నవారికీ మిగిలినది భూమి యజమానికీ చెందుతాయని అది చెప్పింది. ప్రభుత్వమే ఆ వస్తువును తీసుకోదలిస్తే, అందులోని లోహం వంటి ద్రవ్యం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలని కూడా రాసింది. పరాయి పాలకులు రాసిన చట్టంలో ఉన్న ఆ పాటి న్యాయం స్వతంత్ర భారతదేశపు శిలాజ చట్టంలో లేకపోతే ఎలా? శిలాజానికి బజారు ధర కట్టనవసరం లేదు. స్పష్టమైన పారితోషికం, పంట నష్టానికి పరిహారం, తవ్వకంలో కూలి పని ముందుగా ఆ ఊరివారికే ఇవ్వాలన్న నియమం, మ్యూజియం పలక మీద, పరిశోధన వ్యాసంలో కనుగొన్నవారి పేరు ఉండాలి. ఇవి లేకుండా జరిమానాలు, జైలుశిక్షలు మాత్రమే రాస్తే ఎముక కనబడగానే భయపడి పూడ్చేసేవారే పెరుగుతారు.

ఇవ్వమని అడిగేవారికి తీసుకునే అర్హత కూడా ఉండాలి. ఎవరైనా శిలాజం తెస్తే ప్రభుత్వ సంస్థ నమోదు సంఖ్యతో రశీదు ఇవ్వాలి, ఫలానా గడువులోగా పరిశీలించి అది ఏమిటో తెలుగులో రాతపూర్వకంగా చెప్పాలి, సాధారణమైనదైతే తిరిగి ఇచ్చేయాలి. గోదాముల్లో చీటీలు చెరిగిపోయి, చెదలు పట్టిన పెట్టెల్లో పడి ఉండటానికైతే దాత ఇంటి అటకే నయం. జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్ర విభాగాలున్నాయి. ఈ మూడు చోట్లా శిలాజ సమాచారం అందుకునే ఒక మనిషిని, ఒక ఫోన్ నంబరును ప్రకటించడానికి కొత్త చట్టం అక్కరలేదు.

గనుల యజమానుల బాధ్యత రైతు బాధ్యత కంటే పెద్దది. కచ్ ప్రాంతంలోని పానంధ్రో లిగ్నైట్ గనిలో 2005లో దొరికిన 27 వెన్నుపూసలు భూమి మీద బతికిన అతి పెద్ద పాముల్లో ఒకదానివని 2024లో తేలి, దానికి వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు. మన ఓపెన్‌కాస్టు గనుల్లో, సున్నపురాయి క్వారీల్లో రోజూ ఎన్ని టన్నుల రాయి క్రషర్‌లోకి వెళ్తోందో తలచుకుంటే మనసు కలత చెందుతుంది. ఎముకలాంటిది కనబడితే ఆ కొద్ది చోట పని ఆపి కబురు చేయాలన్న షరతును లీజు పత్రాల్లో రాష్ట్ర ప్రభుత్వాలు చేర్చాలి.

మామూలు మనిషి చేయవలసింది ఇంతకంటే సులువు. దొరికినదాన్ని ఉన్నచోటే ఉంచి, పక్కన ఒక స్కేలో రూపాయి బిళ్లో పెట్టి ఫొటోలు తీసి, ఫోన్‌లో ఆ చోటును గుర్తు పెట్టుకుని, వాన పడకుండా మట్టితోనో టార్పాలిన్‌తోనో కప్పి, తహసీల్దారు కార్యాలయానికో దగ్గరి కళాశాలకో రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు దగ్గర ఉంచుకోవాలి. బంకతో అతికించడం, సుత్తితో కొట్టి చూడటం చేయరాదు.

గుజరాత్‌లోని రాయోలీలో రాక్షసబల్లుల గుడ్లూ ఎముకలూ దొరికిన చోటే 2019లో మ్యూజియం తెరిచారు. ఆ ఊరి పిల్లలు తమ నేలలో ఏముందో చూడటానికి నగరానికి వెళ్లనక్కరలేదు. యామనపల్లి పిల్లలు మాత్రం కోటాసారస్‌ను చూడాలంటే హైదరాబాద్ దాకా బస్సెక్కాలి. అసలు ఎముకలను అక్కడికి తరలించమని మేము కోరడం లేదు, వాటికి కావలసిన సంరక్షణ నగరంలోనే సాధ్యం. కనీసం ఆ ఎముకల అచ్చులు కొన్ని, తవ్వకం నాటి ఫొటోలు, అందులో పనిచేసిన ఊరివారి పేర్లలో దొరికినన్ని సేకరించి, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా ఆ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో ఒక గదిలో ప్రదర్శనకు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వాన్నీ, జీఎస్‌ఐనీ కోరుతున్నాము.