కార్గిల్ 800, షూ అదనం

"కార్గిల్ విజయ్ దివస్ సందర్భంగా జూలై 26న విద్యార్థులందరూ ఆర్మీ డ్రెస్సులో హాజరు కావలెను. డ్రెస్సు 800 రూపాయలు. షూ అదనం." మా విశాఖలో ఓ కార్పొరేట్ స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టిన సర్క్యులర్ ఇది. డ్రెస్సు బయట కొంటే చెల్లదట, స్కూలు కౌంటర్లోనే కొనాలి. ఆ డబ్బులో సైనిక సంక్షేమ నిధికి ఎంత వెళ్తుందని ఓ తండ్రి అడిగాడు. జీఎస్టీ వెళ్తుందన్నారు. అదీ దేశానికేగా!

స్కిట్ పేరు టైగర్ హిల్, కార్గిల్ యుద్ధంలో మనవాళ్లు పాకిస్తాన్ నుంచి తిరిగి గెలుచుకున్న కొండ. డ్రెస్సు కొన్న ప్రతివాడూ కెప్టెనే, లేకపోతే తల్లులు ఊరుకుంటారా? స్టేజీ మీద నలభై మంది కెప్టెన్లు, సిపాయి ఒక్కడూ లేడు. మరి శత్రువులో? "మావాడు పాకిస్తానోడి వేషం వెయ్యడమేంటండీ!" అని అందరూ అడ్డం తిరిగారు. ప్రిన్సిపాల్ గారు వ్యూహం పన్నారు: టర్మ్ ఫీజు బకాయి ఉన్న ముగ్గురినీ శత్రువులుగా నియమించారు. కెప్టెన్లు బెంచీల కొండెక్కి జెండా పాతారు. "మా బుజ్జిగాడు ఫొటోలో పడలేదు" అని ఓ తల్లి అరిచింది. కొండని శత్రువులకి తిరిగిచ్చేసి మళ్లీ గెలిచారు. ఇంకో తల్లి అరిచింది, ఇంకోసారి గెలిచారు. 1999 జూలై 4న మనవాళ్లు పాపం ఒక్కసారే గెలిచారు. చనిపోయే ఘట్టంలో ఒక్క కెప్టెనూ కింద పడనన్నాడు. డ్రెస్సు మాస్తుందిగా! చివరికి అమరవీరులు కూడా ఆ బకాయి ముగ్గురే అయ్యారు.

గంటన్నర లేటుగా వచ్చిన ముఖ్య అతిథి, "ఆనాడు జవాన్లు టైగర్ హిల్ కొట్టారు, రేపు మీరు ఐఐటీ కొట్టాలి" అన్నారు. రెండు నిమిషాల మౌనం అరనిమిషంలో అయిపోయింది. ఆయనకి ఇంకెక్కడో రిబ్బన్ కటింగ్ ఉందట.

మన సైనికులు 527 మంది చనిపోయారండీ ఆ కార్గిల్ యుద్ధంలో. ఒక్కరి పేరైనా ఆ మైకులో వినపడిందా? హైదరాబాద్ నుంచి వెళ్లి ప్రాణమిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య పేరైనా? టైగర్ హిల్ మీద ఒళ్లంతా తూటాలు తిని బతికొచ్చిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కి అప్పుడు 19 ఏళ్లు. మీ పదో తరగతి కుర్రాడికంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. ఆ ముక్క చెప్పడానికి కూడా ఫీజు కట్టాలా?

ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరానికి దగ్గర్లోనే. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ స్మారకం ఉంది, కురుసుర జలాంతర్గామి ఉంది. పిల్లల్ని ఓ పూట అక్కడికి తీసుకెళ్దామని ఓ టీచరమ్మ అడిగితే, పోర్షన్ దెబ్బతింటుందన్నారట. ఏ పోర్షనయ్యా? రెండు వారాలు స్కిట్ రిహార్సల్స్ చేయిస్తే దెబ్బతినని పోర్షన్, బస్సెక్కి బీచ్ రోడ్డుకి వెళ్లొస్తే దెబ్బతింటుందా?