పక్కింటి అరిసెలు

(అమలాపురం దగ్గర ఒక ఊరు, సంక్రాంతి రోజు. పక్కింటివారు పంపిన అరిసెల పళ్లేన్ని క్రైస్తవ సంఘ పెద్ద అయిన మామయ్య తిప్పి పంపారు. సెలవులకు వచ్చిన మేనల్లుడికి అది మింగుడు పడలేదు.)

మేనల్లుడు: బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు. ఇందులో విగ్రహం ఎక్కడుంది మామయ్యా?

మామయ్య: వాళ్లు దేవుడి ముందు పెట్టాకే పంచుతారు.

మేనల్లుడు: పెట్టారని వాళ్లు చెప్పారా? అన్యులు భోజనానికి పిలిస్తే, వడ్డించింది ఆరా తీయకుండా తినమని బైబిల్లో కొరింథీయులకు పౌలే రాశాడు.

మామయ్య: తన భోజనం వల్ల సహోదరుడు తడబడితే ఎన్నటికీ మాంసం ముట్టనన్నదీ ఆ పౌలే. మన సంఘంలో నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నవాళ్లున్నారు. పెద్దే తిన్నాడని వాళ్లు రేపు జాతరకు కోడిని పట్టుకెళితే?

మేనల్లుడు: కాదనను. కానీ అన్నిటికీ దూరం జరగడమే విశ్వాసమైతే బబులోనుకు చెరపోయిన దానియేలు సంగతి ఏమిటి? కల్దీయుల విద్య నేర్చాడు, బెల్తెషాజరు అన్న పేరుతో కొలువు చేశాడు.

మామయ్య: రాజు పంపిన భోజనం మాత్రం ముట్టలేదు. చదివినవాడివి, ఆ ముక్క దాటేశావే!

మేనల్లుడు: సరే, మన కీర్తనల పుస్తకం తీయండి. చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌధురి 1833లో బాప్తిస్మం తీసుకున్నాక కూడా క్రీస్తును ఆ రాగాల్లోనే పాడాడు. పూజ వదిలాడు, పాట ఉంచుకున్నాడు. క్రిస్మస్ చెట్టు మాత్రం ఏ సువార్తలో ఉంది? దానికి లేని అభ్యంతరం మన సంస్కృతిలోని ముగ్గుకెందుకు?

మామయ్య: ముగ్గు మధ్య గొబ్బెమ్మ కూర్చుంటుంది.

మేనల్లుడు: గొబ్బెమ్మ లేకుండా వేద్దాం.

మామయ్య: ఎవరు వేస్తారు? మీ అత్తయ్యకు నడుము నొప్పి. పొద్దున్నే లేచి నువ్వు వేస్తావా? మాటలైతే కోటలు దాటతాయి! ఇంతకీ మన సంస్కృతి అంటున్నావు, అది ఎవరిది? మా తాత ఈ ఊరి చెరువు గట్టున దోసిలి పట్టి నిలబడితే, పైనుంచి ఎవరో నీళ్లు పోసేవారు. గుడి వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచాడు. ఆయన మొదటిసారి బల్ల మీద కూర్చున్నది మిషను బడిలో.

(మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. వెంటనే జవాబిస్తే, ఇది రాస్తున్న నేనే అతణ్ని నమ్మేవాణ్ని కాదు.)

మేనల్లుడు: ఆ దోసిలి పట్టించినదాన్ని నేను నెత్తిన పెట్టుకోమనడం లేదు. దాన్ని వదిలేయాల్సిందే. కానీ ఇవాళ మన గుమ్మం ఎక్కింది ఎవరు? ఆ నీళ్లు పోసిన ఇంటి మనవరాలే. మన చేతికి పళ్లెం ఇచ్చింది, మన ఇంట్లో మంచినీళ్లు అడిగి తాగింది. మీరేమో ముట్టనని పంపేశారు. అంటు పాటించడం ఇప్పుడు మన వంతా?

మామయ్య: నేను కులం చూసి పంపలేదు!

మేనల్లుడు: ఆ పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

మామయ్య: ...రేపు కనుమ. జగ్గన్నతోట తీర్థానికి దేవుణ్ని మోసుకెళ్లే ప్రభకు చందా అడుగుతారు. అదీ ఇస్తావా?

మేనల్లుడు: ఇవ్వను. ఏకాదశ రుద్రుల ప్రభలవి, ఆ చందా పూజకే. తీర్థం చూడటానికి మాత్రం పక్కింటి పిల్లలతో వెళతాను.

మామయ్య: చూడటానికి వెళ్లావో మొక్కడానికి వెళ్లావో సంఘానికి ఏం తెలుస్తుంది? నన్ను అడుగుతారు.

మేనల్లుడు: ఆదివారం ఆరాధన అయ్యాక నన్నే నిలబెట్టి అడగమనండి. నేనే చెప్పుకుంటాను.